ఓడిన 31 శాతం ఎక్కడికి పోయింది?

1948 ఏప్రిల్ 18న ఇటలీలో జరిగిన పార్లమెంటు ఎన్నిక గురించి రెండు కథలు వాడుకలో ఉన్నాయి. మొదటి కథలో అమెరికా డాలర్లు, పోప్ దీవెనలు కలిసి ఒక పేద దేశం ఓటును కొనేశాయి. రెండో కథలో స్టాలిన్ చేతుల్లోకి జారిపోబోతున్న దేశాన్ని ఓటర్లు ఆఖరి నిమిషంలో కాపాడుకున్నారు. ఎడమవైపు వాళ్లు మొదటిది చెబుతారు, మిగతావాళ్లు రెండోది చెబుతారు. కొన్నేళ్లుగా ఈ ఎన్నిక గురించి దొరికింది దొరికినట్టు చదువుతూ వస్తున్నాను. రెండు కథల్లోనూ నిజం ఉంది. అయితే రెండూ ఫలితం వచ్చిన రోజు దగ్గరే ఆగిపోతాయి. ఓడినవాళ్లకు ఏం మిగిలిందని ఎవరూ అడగరు. ఇటలీలో ప్రజాస్వామ్యం ఎందుకు నిలబడిందో తెలుసుకోవాలంటే అడగాల్సింది అదేనని నా నమ్మకం.

ముందు అంకెలు చెప్పేస్తాను. ఓటర్లలో 92 శాతం మంది ఓటేశారు. అల్చీడే డె గాస్పెరి నాయకత్వంలోని క్రిస్టియన్ డెమోక్రాట్లకు 48.5 శాతం ఓట్లు, దిగువ సభలోని 574 సీట్లలో 305 వచ్చాయి. కమ్యూనిస్టులు, సోషలిస్టులు కలిసి ఏర్పాటు చేసుకున్న పాపులర్ డెమోక్రటిక్ ఫ్రంట్‌కు 31 శాతం ఓట్లు, 183 సీట్లు దక్కాయి. అంటే 31 శాతం ఓట్లకు దాదాపు 32 శాతం సీట్లు. ఘోరంగా ఓడిపోయామని ఆ రాత్రి తలలు పట్టుకున్న పార్టీలకు కూడా పార్లమెంటులో మూడో వంతు కుర్చీలు ఉన్నాయి. నా వాదన అంతా ఈ లెక్క చుట్టూనే తిరుగుతుంది.

ఈ లెక్క ఊరికే కుదరలేదు. దాని వెనక ఒక హత్య ఉంది. ముస్సోలినీ 1922లో ప్రధాని అయ్యేనాటికి పార్లమెంటులో ఆయన పార్టీ బలం చాలా తక్కువ. 1923లో అచేర్బో చట్టం తెచ్చాడు. అందరికంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న అభ్యర్థుల జాబితాకు 25 శాతం ఓట్లు దాటితే చాలు, మూడింట రెండు వంతుల సీట్లు ఇచ్చేస్తారు. ప్రభుత్వాలు నిలకడగా ఉండాలి కదా అని చాలామంది పెద్దమనుషులు, ఫాసిస్టులు కానివాళ్లు కూడా, దాన్ని సమర్థించారు. 1924 ఏప్రిల్‌లో కొత్త చట్టం కింద ఎన్నిక జరిగింది. కర్రలతో, బెదిరింపులతో జరిగిన ఎన్నిక అది. మే 30న జాకోమో మత్తెయోట్టి అనే సోషలిస్టు సభ్యుడు సభలో లేచి, ఎక్కడెక్కడ ఏ దౌర్జన్యం జరిగిందో వరసపెట్టి చెప్పాడు. జూన్ 10న రోమ్ వీధిలోంచి ఆయన్ని కారులో ఎత్తుకుపోయి చంపేశారు. శవం ఆగస్టులో దొరికింది. కొద్ది కాలానికే ప్రతిపక్షమన్నదే లేకుండా పోయింది. సీట్ల లెక్కను ఎలా మార్చినా అది సాంకేతిక విషయమేలే అనుకునేవాళ్లు ఈ రెండేళ్ల చరిత్ర ఒకసారి చదవాలి.

అందుకే యుద్ధం ముగిశాక ఇటలీవాళ్లు, వచ్చిన ఓట్ల శాతాన్ని బట్టి పార్టీలకు సీట్లు పంచే దామాషా పద్ధతికి తిరిగి వెళ్లారు. 1946 జూన్ 2న ఒకేరోజు రెండు ఓట్లు పడ్డాయి. రాజు ఉండాలా, రిపబ్లిక్ కావాలా అన్నది ఒకటి. రాజ్యాంగ సభకు సభ్యుల్ని ఎన్నుకోవడం రెండోది. దేశమంతటా జరిగిన ఓటింగులో ఆడవాళ్లు పాల్గొనడం అదే మొదలు. రిపబ్లిక్ వైపు 54 శాతం మొగ్గారు. రాజ్యాంగ సభకు ఎన్నికైన 556 మందిలో 21 మంది మహిళలు. ఆ సభలో క్రిస్టియన్ డెమోక్రాట్లు, సోషలిస్టులు, కమ్యూనిస్టులు మూడు పెద్ద పార్టీలు. ఏ ఒక్కరికీ సొంత మెజారిటీ లేదు. కాబట్టి ఒకరి మాట ఒకరు వినక తప్పలేదు. మతం నల్లమందు అని నమ్మే కమ్యూనిస్టు పార్టీ నాయకుడు తొగ్లియాటి, చర్చికీ రాజ్యానికీ మధ్య కుదిరిన పాత ఒప్పందాలను రాజ్యాంగంలో చేర్చే 7వ అధికరణానికి అనుకూలంగా తన పార్టీ చేత ఓటు వేయించాడు. మిత్రపక్షమైన సోషలిస్టులు వ్యతిరేకించినా వెనక్కి తగ్గలేదు.

నాకు బాగా నచ్చే ఘట్టం ఆ తర్వాత వస్తుంది. 1947 మే నెలలో డె గాస్పెరి కమ్యూనిస్టుల్ని, సోషలిస్టుల్ని ప్రభుత్వం నుంచి బయటికి పంపాడు. యుద్ధం చివరి రోజుల నుంచి కలిసి నడిచినవాళ్లు ఆ రోజు నుంచి శత్రువులు. మరి రాజ్యాంగ రచన ఆగిపోయిందా? లేదు. సభ అధ్యక్షుడు కమ్యూనిస్టు ఉంబెర్తో తెర్రచీని. ఫాసిస్టుల ప్రత్యేక కోర్టు వేసిన శిక్షకు ఏళ్ల తరబడి జైలులో గడిపిన మనిషి. డె గాస్పెరి కూడా ముస్సోలినీ జైలు చూసినవాడే, బయటికొచ్చాక వాటికన్ గ్రంథాలయంలో ఉద్యోగం చేసుకుని బతికాడు. 1947 డిసెంబర్ 22న రాజ్యాంగం 453 ఓట్లతో ఆమోదం పొందింది. వ్యతిరేకంగా పడినవి 62 మాత్రమే. ఏడు నెలల కిందట మంత్రి పదవులు పోగొట్టుకున్న కమ్యూనిస్టులు కూడా దానికి ఓటేశారు. దాని మీద తాత్కాలిక దేశాధినేత డె నికోలా, ప్రధాని డె గాస్పెరి, సభాధ్యక్షుడు తెర్రచీని ముగ్గురూ సంతకాలు పెట్టారు. 1948 జనవరి 1న అది అమల్లోకి వచ్చింది. నాలుగు నెలలు తిరక్కుండానే ఆ సంతకాలు పెట్టినవాళ్ల పార్టీలు ఒకరినొకరు దేశద్రోహులని తిట్టుకుంటూ ఎన్నికలకు దిగాయి.

ఆ ప్రచారం నిజంగానే భయంకరంగా సాగింది. 1946 లెక్కల ప్రకారం కమ్యూనిస్టులు, సోషలిస్టులకు కలిపి దాదాపు 40 శాతం ఓట్లున్నాయి, క్రిస్టియన్ డెమోక్రాట్లకు 35. ఆ రెండు ఎర్ర పార్టీలు ఒకే గుర్తు కింద నిలబడితే మొదటి స్థానం వాళ్లదే అని అందరికీ టెన్షన్. ఫ్రంట్ ఎంచుకున్న గుర్తు ఇటలీ ఏకీకరణ వీరుడు గరీబాల్డీ ముఖం. ప్రత్యర్థులు ఆ బొమ్మను తలకిందులు చేస్తే స్టాలిన్ ముఖం కనపడేలా పోస్టర్లు వేశారు. "పోలింగ్ బూత్‌లో నిన్ను దేవుడు చూస్తాడు, స్టాలిన్ చూడలేడు" అన్న నినాదం ఆ ఎన్నికదే. క్యాథలిక్ సంఘాల నాయకుడు లుయిజి గెద్దా పోప్ పన్నెండో పయస్ ప్రోత్సాహంతో సివిక్ కమిటీలు పెట్టి, ఊరూరా చర్చి పరిధిలో ఇంటింటికీ మనుషుల్ని పంపాడు. ఓటు వేయకపోవడం పాపమన్నంత దూరం వెళ్లారు మతాధికారులు. మంచాన పడ్డవాళ్లను, మఠాల్లో ఉండే సన్యాసినులను కూడా పోలింగ్ బూత్‌లకు తీసుకొచ్చారు.

అమెరికా పాత్ర దాచినా దాగేది కాదు. తిండిగింజలతో, బొగ్గుతో ఓడలు రేవుల్లోకి వస్తుంటే రాయబారి జేమ్స్ డన్ స్వయంగా వెళ్లి ఉపన్యాసాలిచ్చేవాడు. మార్చి 19న విదేశాంగ మంత్రి జార్జ్ మార్షల్ బర్క్‌లీలో మాట్లాడుతూ, కమ్యూనిస్టులు గెలిస్తే సాయం ఆగిపోతుందని తేల్చి చెప్పాడు. మర్నాడే అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి ట్రియెస్టె నగరం ఇటలీకే చెందాలని ప్రకటించాయి. దాని మీద పట్టు కోరుతున్నది యుగోస్లావియా, అదీ కమ్యూనిస్టు దేశమే. అమెరికాలో స్థిరపడిన ఇటలీ సంతతివాళ్లు ఊళ్లలోని బంధువులకు లక్షల కొద్దీ ఉత్తరాలు రాశారు. చాలావరకు ముందే అచ్చేసి ఇచ్చిన ఉత్తరాలు. కింద పేరు రాసి పోస్టు చేయడమే. ఇక అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ పుట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు, దాని మొదటి పెద్ద రహస్య పని ఇదే. కమ్యూనిస్టు వ్యతిరేక పార్టీలకు సంచుల్లో డబ్బు ఇచ్చామని అందులో పనిచేసిన అధికారి తర్వాతి కాలంలో చెప్పాడు. అటు ఇటలీ కమ్యూనిస్టులకు సోవియట్ డబ్బు అందిన సంగతీ రహస్యమేం కాదు.

పరాయి దేశం డబ్బు సంచులతో వచ్చి ఇంకో దేశం ఎన్నికలో వేలు పెట్టడం తప్పు. ఏ కారణం చెప్పినా తప్పే. పెట్టింది మనకు నచ్చిన పక్షమైతే ఒక రకంగా, నచ్చనిదైతే ఇంకో రకంగా మాట్లాడడం నాకు చేతకాదు. కానీ ఆ డబ్బే ఫలితాన్ని నిర్ణయించిందంటే ఒప్పుకోను. ఆ ఫిబ్రవరిలో ఏం జరిగిందో చూడండి. చెకోస్లొవేకియాలో కమ్యూనిస్టులు ప్రభుత్వాన్ని పూర్తిగా తమ చేతుల్లోకి తీసుకున్నారు. మార్చి 10న ఆ దేశ విదేశాంగ మంత్రి యాన్ మసారిక్ మంత్రిత్వ శాఖ భవనం కిటికీ కింద శవమై కనిపించాడు. ఇటలీ కమ్యూనిస్టు పత్రికలు ఇదంతా ప్రజా విజయమని మెచ్చుకున్నాయి. రెండేళ్ల కిందట సోషలిస్టులకు ఓటేసిన ఒక స్కూలు టీచరు ఆ వార్త చదివి భయపడితే, ఆ భయాన్ని అమెరికా కొన్న భయం అనలేం. నెన్ని నాయకత్వంలోని సోషలిస్టులు కమ్యూనిస్టులతో మరీ దగ్గరయ్యారని 1947 జనవరిలోనే జుసెప్పె సరగాట్ విడిపోయాడు. ఆయన జట్టు 1948లో ఏడు శాతం ఓట్లు తెచ్చుకుంది. ఆ ఓట్లన్నీ డాలర్లకు పడ్డవా? ఓటరును అంత చులకన చేసే విశ్లేషణ మీద నాకు ఎప్పుడూ గౌరవం కలగలేదు, అది ఇటలీ ఓటరైనా మన ఓటరైనా.

సరే, ఏప్రిల్ 18 దాటి ముందుకు వెళ్దాం.

దిగువ సభలో సొంత మెజారిటీ ఉన్నా డె గాస్పెరి ఒంటరిగా ప్రభుత్వం పెట్టలేదు. సరగాట్ సోషలిస్టుల్ని, రిపబ్లికన్లని, లిబరల్స్‌ని కలుపుకున్నాడు. చర్చి ఒత్తిడిని తట్టుకోవడానికి ఆయనకు మతంతో సంబంధం లేని మిత్రులు కావాలి, అది నిజమే. కారణం ఏదైనా, 48 శాతం ఓట్లొచ్చాయి కదా అని దేశమంతా తనదే అనుకోలేదు. మొదటి సెనేట్‌లో ఇంకో మంచి ఏర్పాటు ఉంది. ఫాసిస్టు ప్రత్యేక కోర్టు శిక్షతో ఐదేళ్లకు తగ్గకుండా జైల్లో ఉన్న రాజ్యాంగ సభ సభ్యులు ఎన్నికతో పనిలేకుండా సెనేటర్లవుతారు. ఆ దారిన వచ్చినవాళ్లలో కమ్యూనిస్టులు చాలామంది, తెర్రచీని వాళ్లలో ఒకడు. గెలిచిన పార్టీ ఆ నిబంధనను తొలగించాలని చూడలేదు.

మూడు నెలలకే అసలు పరీక్ష వచ్చింది. జులై 14న తొగ్లియాటి పార్లమెంటు భవనం నుంచి బయటికి వస్తుంటే ఒక విద్యార్థి ఆయన్ని తుపాకీతో కాల్చాడు. గంటల్లో దేశమంతా సమ్మె. ఫ్యాక్టరీలు కార్మికుల చేతుల్లోకి వెళ్లాయి, ఉత్తరాది నగరాల్లో కాల్పులు జరిగాయి, మనుషులు చనిపోయారు. ఫాసిస్టులతో, జర్మన్లతో పోరాడిన గెరిల్లాల ఆయుధాలు ఇంకా చాలా ఇళ్లలో, పొలాల్లో దాచి ఉన్నాయి. ఆ సమయంలో జీనో బార్తాలి టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం గెలిచాడని, ఆ సంతోషంలో దేశం చల్లబడిందని ఒక కథ చెబుతారు. కథ బాగుంది, బార్తాలి గెలిచిన మాటా నిజం. కానీ దేశాన్ని చల్లబరిచింది తొగ్లియాటి, ఆయన పార్టీ అని నేననుకుంటాను. తూటా దెబ్బతో ఆస్పత్రికి వెళ్తూ, తొందరపడొద్దని ఆయన తోటివాళ్లకు చెప్పాడు. నాయకత్వం తిరుగుబాటు జోలికి పోలేదు, రెండు రోజుల్లో సమ్మె ముగిసింది.

ఎందుకు పోలేదు? అమెరికా సైన్యం వస్తుందన్న భయం ఉంది. స్టాలిన్‌కు కూడా ఇటలీలో అంతర్యుద్ధం అక్కర్లేదు. కానీ వీటితోపాటు ఇంకో కారణం ఉంది. పోగొట్టుకోవడానికి వాళ్ల దగ్గర ఏదో ఉంది. సభలో సీట్లున్నాయి. తాము కూడా సంతకం పెట్టిన రాజ్యాంగం ఉంది. బొలోన్యా లాంటి నగరాల పాలన ఉంది. అక్కడ 1945లో మేయరైన కమ్యూనిస్టు జుసెప్పె దొజ్జా 1966 దాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. అన్నీ పోయినవాడు తుపాకీ వైపు చూస్తాడు. మూడో వంతు చేతిలో ఉన్నవాడు వచ్చే ఎన్నిక వైపు చూస్తాడు.

అదే ఏడాది మన దగ్గర ఏం జరిగిందో పక్కన పెట్టి చూడడం నాకు తప్పనిసరి అనిపిస్తుంది. ఇటలీలో ఎన్నికల ప్రచారం సాగుతున్న సమయంలోనే, ఫిబ్రవరి చివర మొదలై మార్చి మొదటి వారం దాకా, కలకత్తాలో భారత కమ్యూనిస్టు పార్టీ రెండో మహాసభ జరిగింది. అక్కడ గెలిచింది తిరుగుబాటు పంథా. తెలంగాణ సాయుధ పోరాటం 1951 అక్టోబర్ దాకా సాగింది. నిజాం, దేశ్‌ముఖ్‌ల కింద నలిగినవాళ్లకు అప్పుడు ఓటూ లేదు, సభా లేదు. అందుకే 1948 సెప్టెంబర్ ముందు వాళ్లు ఆయుధం పట్టడాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఆ తర్వాతి మూడేళ్ల గురించి అదే మాట అనలేను. చివరికి వాళ్లే ఓటు దారికి వచ్చారు. వచ్చీ రాగానే 1952లో రావి నారాయణరెడ్డి నల్గొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్లాడు.

ఇటలీలో ఓడినవాళ్ల బతుకు సుఖంగా గడిచిందని చెప్పడం నా ఉద్దేశం కాదు. 1949 అక్టోబర్‌లో కలాబ్రియాలోని మెలిస్సా అనే పల్లెలో, బీడుగా పడి ఉన్న జమీందారు భూమిని దున్నుకోబోయిన రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపారు, ముగ్గురు చనిపోయారు. 1950 జనవరి 9న మొదెనాలో ఆరుగురు కార్మికులు పోలీసు తూటాలకు బలయ్యారు. ఎర్ర జెండా మోసినవాళ్లకు ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు పోయాయి. రాజ్యాంగంలో రాసుకున్న రాజ్యాంగ న్యాయస్థానం 1956 దాకా పనే మొదలుపెట్టలేదు. అయితే మెలిస్సా కాల్పులు ఆ పల్లెలోనే పాతిపెట్టబడలేదు. వీధుల్లో ఎంత గొడవ జరిగిందో పార్లమెంటులోనూ అంత జరిగింది, మంత్రుల్ని నిలదీసే గొంతులు అక్కడ తగినన్ని ఉన్నాయి. 1950లోనే కలాబ్రియాలోని సీలా ప్రాంతానికి, తర్వాత ఇతర ప్రాంతాలకు భూసంస్కరణ చట్టాలు వచ్చాయి. అవి అరకొర చట్టాలే, కానీ పెద్ద భూస్వాముల మద్దతుతో బతికే పార్టీ చేత వాటిని చేయించింది ఓడిపోయినవాళ్ల బలం.

ఇప్పుడు 1953. నా దృష్టిలో ఇటలీ కథలో అన్నిటికంటే ముఖ్యమైన సంవత్సరం ఇదే. 1948 గురించి మాట్లాడేవాళ్లలో చాలామంది దీని దాకా రారు.

1948 నాటి ఊపు మళ్లీ రాదని డె గాస్పెరికి తెలుసు. స్థానిక ఎన్నికల్లో ఓట్లు తగ్గుతున్నాయి. అందుకని కొత్త ఎన్నికల చట్టం తెచ్చాడు. ముందే పొత్తు ప్రకటించుకున్న పార్టీలకు కలిపి సగం కంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా, దిగువ సభలోని 590 సీట్లలో 380 ఇచ్చేస్తారు. దాదాపు మూడింట రెండు వంతులు. న్యాయంగా చెప్పాలంటే ఇది అచేర్బో చట్టం కాదు. అక్కడ పాతిక శాతం చాలు, ఇక్కడ సగం దాటాలి. ముస్సోలినీని, డె గాస్పెరిని ఒకే గాటన కట్టేవాళ్లతో నేను ఏకీభవించను. అయినా మత్తెయోట్టి మాట్లాడిన ఆ పాత సభలో సభ్యుడిగా కూర్చున్న మనిషే ఇలాంటి చట్టం తేవడం చూస్తే మనసు కలుక్కుమంటుంది. ప్రతిపక్షం దానికి మోసపు చట్టం అని పేరు పెట్టింది, చరిత్రలో ఆ పేరే నిలిచింది. సెనేట్‌లో తోపులాటలు, కేకలు, విసురుకోవడాల మధ్య మార్చి 29న, మట్టల ఆదివారం నాడు, అది పాసైంది.

దాన్ని ఓడించింది ఎవరో గమనించండి. కమ్యూనిస్టులు ఒక్కరే అయితే ఓడించలేకపోయేవాళ్లు. డె గాస్పెరి మిత్రపక్షాల్లోంచే కొందరు బయటికి వచ్చారు. ఫాసిస్టు వ్యతిరేక పోరాటానికి నాయకత్వం వహించి, యుద్ధం ముగిశాక ప్రధానిగా కూడా పనిచేసిన ఫెర్రూచో పర్రి, న్యాయకోవిదుడు పియెరో కలమాంద్రెయి లాంటివాళ్లు కలిసి ఒక చిన్న జాబితా నిలబెట్టారు. లిబరల్స్‌లోంచి చీలిన ఇంకో చిన్న జాబితా ఉంది. రెంటికీ కలిపి దాదాపు ఒక్క శాతం ఓట్లు వచ్చాయి, ఒక్క సీటు కూడా రాలేదు. కానీ జూన్ 7 ఎన్నికలో ప్రభుత్వ కూటమి 49.8 శాతం దగ్గర ఆగిపోయింది. రెండు కోట్ల 70 లక్షల ఓట్లలో 54 వేలు తక్కువయ్యాయి. బోనస్ సీట్లు రాలేదు. ప్రభుత్వం ఫలితాన్ని ఒప్పుకుంది. ఆ జులైలో డె గాస్పెరి ప్రధాని పదవి పోయింది, మరుసటి ఏడాది ఆగస్టులో ఆయన చనిపోయాడు. చట్టాన్ని 1954లో రద్దు చేశారు.

తమకు ఒక్క సీటూ రాదని తెలిసీ నిలబడిన పర్రి, కలమాంద్రెయిల మీద నాకున్న గౌరవం మాటల్లో చెప్పలేను. కమ్యూనిస్టులంటే వాళ్లకు ప్రేమేం లేదు. తమకు నచ్చని మూడో వంతు దేశాన్ని లెక్కలోంచి కొట్టేయకూడదన్నదే వాళ్ల పట్టుదల.

దీనికి ఎదురు వాదన ఏమిటో నాకు తెలుసు. దామాషా పద్ధతి వల్లే కదా ఇటలీలో ఏడాదికో ప్రభుత్వం పడిపోయింది, అదే కదా దాని ఫలితం అంటారు. ప్రభుత్వాలు పడిన మాట నిజమే. కానీ పాలించే పార్టీ మారలేదు. క్రిస్టియన్ డెమోక్రాట్లు నాలుగు దశాబ్దాలకు పైగా అధికారంలో ఉన్నారు, 1992లో బయటపడిన లంచాల కుంభకోణాలతో కూలిపోయారు. అంటే ఇటలీకి పట్టిన జబ్బు ప్రభుత్వాలు పడిపోవడం కంటే అధికారం చేతులు మారకపోవడం. రెండో అతిపెద్ద పార్టీ అయిన కమ్యూనిస్టులకు 1976లో 34 శాతం ఓట్లొచ్చినా మంత్రివర్గంలోకి రానివ్వలేదు, అది ప్రచ్ఛన్న యుద్ధపు గోడ. ఆ గోడను దామాషా పద్ధతి కట్టలేదు. నా లెక్కలో, గోడ ఉన్నా దేశం రెండు ముక్కలు కాకుండా ఉండడానికి కారణం ఆ పద్ధతే. పైగా ఆ పడిపోయే ప్రభుత్వాల కాలంలోనే ఇటలీ పేదరికం నుంచి బయటపడి పెద్ద పారిశ్రామిక దేశమైంది.

ఇదంతా మన చోట పెట్టి చూస్తే గుండె బరువెక్కుతుంది. 1955 ఫిబ్రవరిలో ఆంధ్ర రాష్ట్రంలో మధ్యంతర ఎన్నికలు జరిగాయి. కాంగ్రెస్, రంగా గారి కృషికార్ లోక్ పార్టీ, ప్రకాశం గారి వర్గం ఒకవైపు, కమ్యూనిస్టులు ఒకవైపు. ఎర్ర ప్రభుత్వం వస్తే గుళ్లు, పొలాలు ఏమవుతాయోనన్న భయం ఊరూరా తిరిగింది. నెహ్రూ విధానాలను మెచ్చుకుంటూ మాస్కో ప్రావ్దా పత్రికలో సంపాదకీయం వస్తే, కాంగ్రెస్ దాన్ని అచ్చేసి పంచింది. ఇటలీ ప్రచారానికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. ఫలితంలో ఓట్ల శాతం కూడా దాదాపు అంతే. కమ్యూనిస్టులకు 31 శాతం.

సీట్లు? 196లో 15.

మూడేళ్ల కిందట ఆంధ్ర జిల్లాల్లో 41 సీట్లు గెలిచిన పార్టీ అది. కాంగ్రెస్‌కు 39 శాతం ఓట్లకు 119 సీట్లు. మా తాతగారిది కృష్ణా జిల్లా. ఆ ఎన్నికలో కమ్యూనిస్టుల తరఫున ఊళ్లు తిరిగినవాడు. "ఓట్లు మాకు పడ్డాయిరా, సీట్లు వాళ్లకు పోయాయి" అనేవాడు. చిన్నప్పుడు అది ఓడినవాడి ఉక్రోషం అనుకునేవాణ్ని, కానీ లెక్క ప్రకారం ఆయన చెప్పిందాంట్లో ఎంతో నిజముంది. మూడో వంతు జనం ఒక్క రాత్రిలో సభలోంచి మాయమైపోయారు. ఆంధ్రలో కమ్యూనిస్టు పార్టీ మళ్లీ అధికారానికి అంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. దానికి వాళ్ల సొంత తప్పులు ఎన్నో కారణం. కానీ అరవై మంది ఎమ్మెల్యేలతో సభలో ఉన్న పార్టీ తన తప్పులు దిద్దుకోవడం వేరు, పదిహేను మందితో మూలన కూర్చున్న పార్టీ దిద్దుకోవడం వేరు.

ఇది ఒక పార్టీ బాధ అని ఎవరైనా అనుకుంటే ఇటీవలి లెక్కలు చూడండి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లు, 175 సీట్లలో 23. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 39 శాతం ఓట్లు, 11 సీట్లు. రెండుసార్లూ ఓడిన పక్షానికి ఓట్ల లెక్కన దాదాపు 68 సీట్లు రావాలి. 2019లో సంబరపడినవాళ్లు 2024లో ఏడ్చారు, 2019లో ఏడ్చినవాళ్లు 2024లో సంబరపడ్డారు. ప్రధాన ప్రతిపక్ష హోదా ఇవ్వాలా వద్దా అని గొడవపడే స్థితికి వచ్చాం. ప్రతి పదిమందిలో దాదాపు నలుగురు ఓటేసిన పార్టీ గొంతు శాసనసభలో వినపడదు. గెలిచినవాళ్లకు ఇక ఎవరికీ సమాధానం చెప్పక్కర్లేదన్న ధీమా, ఓడినవాళ్లకు ఐదేళ్ల తర్వాత పగ తీర్చుకోవాలన్న కసి. సభ ఖాళీ అయిన కొద్దీ రాజకీయం రోడ్డు మీదికి, పోలీస్ స్టేషన్లకు, సోషల్ మీడియా బూతుల్లోకి పోతోంది.

మనం ఇటలీ పద్ధతిని ఉన్నది ఉన్నట్టు తెచ్చుకోవాలని నేను అనడం లేదు. మన ఊరికో ఎమ్మెల్యే, కష్టమొస్తే వెళ్లి తలుపు తట్టగలిగే మనిషి ఉండడం మంచి విషయం, దాన్ని వదులుకోకూడదు. రెండూ కలిపే దారి ఉంది, జర్మనీ 1949 నుంచి ఆ దారిలోనే నడుస్తోంది. మన దగ్గరా ఈ ఆలోచన ఎప్పుడో కాగితం మీదికి వచ్చింది. 1999లో లా కమిషన్ తన 170వ నివేదికలో, ఇప్పుడున్న నియోజకవర్గాలను అలాగే ఉంచి, అదనంగా 25 శాతం సీట్లు కలిపి, వాటిని పార్టీలకు వచ్చిన ఓట్ల దామాషాలో జాబితాల నుంచి నింపమని సూచించింది. ఆ కమిషన్ అధ్యక్షుడు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి, మన తెలుగాయన. 2015లో ఇంకో లా కమిషన్ కూడా కలగలుపు పద్ధతిని పరిశీలించమంది. ఈ పాతికేళ్లలో ఏ ప్రభుత్వమూ దాన్ని ముందుకు కదపలేదు. లోక్‌సభ సీట్ల సంఖ్య పెంచడం గురించి, నియోజకవర్గాల పునర్విభజన గురించి ఇప్పుడు ఎటూ మాట్లాడుకుంటున్నాం. ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లు అన్నదాని మీదే చర్చంతా నడుస్తోంది. కొత్తగా వచ్చే ఆ సీట్లను ఎలా నింపాలన్న ప్రశ్న కూడా ఇప్పుడే, గీతలు గీయడం పూర్తి కాకముందే, బల్ల మీదికి రావాలి. 11 సీట్ల పార్టీ, ఒకప్పటి 23 సీట్ల పార్టీ రెండూ కలిసి అడిగితే ఢిల్లీలో కాదనడం కష్టం.